నిజాంసాగర్ నిర్మాత నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్

పని చేసే చోట మంచి అధికారి ఎలా తయారవుతాడు అనే విషయం మీద మన ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం కావాలని సంఘం పెద్దలు కోరారు. ఈ మధ్య ఇలాంటి విషయాల మీద పుస్తకాలు చాలా వస్తున్నాయి. వాటిలో చెప్పే ఉదాహరణలు ఎక్కువగా అమెరికా కంపెనీలవి. మనం మాత్రం జీవితమంతా నిజాంసాగర్ కాలువ నీళ్లు తాగి, శక్కర్‌నగర్ సైరన్ విని గడియారం సరిచేసుకున్న వాళ్లం. అందుకని ఉదాహరణ కోసం అంత దూరం పోవడం నాకు నచ్చలేదు. ఆ కాలువ తవ్వించిన మనిషి కూడా మనలాగే ఒక ఉద్యోగి. అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి, ఒక్కొక్క మెట్టే ఎక్కి, శాఖకు పెద్ద అయినవాడు. ఆయన గురించి చెబుతాను.

అలీ నవాజ్ జంగ్ అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో పుట్టారు. అక్కడే చదువుకున్నారు. 1896లో ప్రభుత్వ ఉపకార వేతనం మీద ఇంగ్లండు వెళ్లి కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. హిందూదేశంలో కాలువలు, రోడ్లు, రైళ్ల పనులకు ఇంజనీర్లను తయారు చేయడానికే ఆంగ్లేయులు పెట్టిన కాలేజీ అది. అక్కడ చదివిన వారిలో ఎక్కువమంది తెల్లవారే. 1899లో తిరిగివచ్చి నిజాం ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. అప్పుడు ఆయన వయసు 22 ఏళ్లు. చీఫ్ ఇంజనీరు, శాఖ కార్యదర్శి అయింది 1918లో. నడుమ 19 సంవత్సరాలు.

ఈ 19 సంవత్సరాలను మనం తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం. పెద్ద చదువు, దర్బారులో మర్యాద ఉన్నవాళ్లను నేరుగా పై కుర్చీలో కూర్చోబెట్టడం ఆ రోజుల్లో వింత కాదు. ఈయన కింది కుర్చీల నుంచి వచ్చారు. ఎస్టిమేటు ఎలా తయారవుతుందో, కొలతల పుస్తకంలో ఏమి రాస్తారో, గుత్తేదారు బిల్లు ఎక్కడ పెరుగుతుందో పక్కవాడు చెప్పాల్సిన అవసరం లేనివాడు పైకి వస్తే కింద పనిచేసేవాళ్లకు ఒక భయం, ఒక ధైర్యం రెండూ ఉంటాయి. మన సభ్యుల్లో ఇరిగేషన్‌లో చేసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదును ముంచేసింది. వేల మంది చనిపోయారు. మళ్లీ అలాంటిది రాకుండా ఏమి చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. అప్పటికి అలీ నవాజ్ జంగ్ పదేళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు. బయటినుంచి ఒక పెద్ద ఇంజనీరు వచ్చి మన శాఖ పనిని తీర్చిదిద్దుతుంటే లోపలివాళ్లకు ఎలా ఉంటుందో మన అందరికీ తెలుసు. కొందరు ముఖం మాడ్చుకుంటారు, కొందరు ఫైలు నెమ్మదిగా నడుపుతారు, కొద్దిమంది నేర్చుకుంటారు. ఈయన ఆ మూడో రకం అని తర్వాతి సంఘటన చూస్తే అనిపిస్తుంది. సింధులో సుక్కూరు వద్ద సింధు నది మీద కడుతున్న బరాజు ఖర్చులు, రాబడుల లెక్క పరిశీలించి చెప్పమని 1929లో బొంబాయి ప్రభుత్వం ఇద్దరు ఇంజనీర్లను కోరింది. ఒకరు విశ్వేశ్వరయ్య గారు, రెండోవారు అలీ నవాజ్ జంగ్. ఇరవై ఏళ్ల కింద తమ రాష్ట్రానికి పాఠం చెప్పడానికి వచ్చిన పెద్దాయన పక్కన సమానమైన కుర్చీ దొరికింది. దానికి సిఫారసు అక్కరలేదు, పని చాలు.

మూసీ వరద నుంచి నగరాన్ని కాపాడే ఉస్మాన్ సాగర్ 1920లోనూ, హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. రెండూ ఆయన పెద్దరికంలోనే ముగిశాయి. మెదక్ వైపు పోచారం చెరువు 1922లో అయింది. ఖమ్మం వైపు పాలేరు, వైరా కూడా ఆయన హయాంలోనివే. వీటన్నిటి నడుమన 1923లో నిజాంసాగర్ మొదలైంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఖమ్మం ఒక మూల, మంజీర ఒక మూల. టెలిఫోను ప్రతి చోటా లేదు, జీపులు లేవు, వానాకాలం వస్తే సగం బాటలు మూతపడేవి. ఒక చీఫ్ ఇంజనీరు ఒకేసారి ఇన్ని చోట్ల పనులు చూడాలంటే రోజూ తానే వెళ్లి నిలబడడం కుదరదు. కింది ఇంజనీర్లను నమ్మాలి. నమ్మిన తర్వాత ఊరికే వదిలేయకుండా లెక్క అడగాలి. ఈ రెండూ కలిసి చేయగలవాళ్లు తక్కువ. నమ్మేవాళ్లు లెక్క అడగరు, లెక్క అడిగేవాళ్లు నమ్మరు. మన ఆఫీసుల్లో ఈ రెండు రకాల పెద్దలనూ చూశాం కనుక ఆ తేడా ఎంత పెద్దదో మనకు తెలుసు. ఆయన ఈ పని ఎలా నెగ్గుకువచ్చారు అనడానికి సాక్ష్యం ఆ చెరువులే. అన్నీ పూర్తయ్యాయి, అన్నీ నీళ్లిచ్చాయి.

డబ్బు విషయంలో ఆయనకు కలిసివచ్చిన మాట కూడా చెప్పాలి. 1922లో అక్బర్ హైదరీ గారు ఆర్థిక శాఖలో ఒక కొత్త పద్ధతి తెచ్చారు. ఏ శాఖకు ఎంత అనేది ముందే కొన్ని ఏళ్లకు కలిపి నిర్ణయించడం ఆ పద్ధతి. ఏటా మార్చి నెలలో డబ్బు మురిగిపోతుందని హడావుడి పడే బాధ మనకు తెలిసిందే కదా. ఎనిమిదేళ్ల పని పెట్టుకున్నవాడికి చేతిలో డబ్బు ఉంటుందన్న నమ్మకం ఎంత అవసరమో ఊహించుకోండి. మంచి అధికారికి కూడా పైన మంచి ఏర్పాటు ఉండాలి. ఈ మాట చాలామంది మరిచిపోతారు.

నిజాంసాగర్ ఆనకట్టను మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల వద్ద కట్టారు. ఇప్పుడు అది కామారెడ్డి జిల్లాలో ఉంది. పొడవు సుమారు 3 కిలోమీటర్లు, వరద గేట్లు 48. 1931లో పని పూర్తయింది. మొదటి అంచనాలో 29.72 టీఎంసీల నీళ్లు నిలుస్తాయని, 2 లక్షల 75 వేల ఎకరాలకు పారుతుందని లెక్క. కట్ట కంటే కష్టమైన పని కాలువది అని నా మాట. కట్ట ఒక చోట ఉంటుంది, అందరూ చూస్తుంటారు. కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్, నిజామాబాదు వైపుల గుండా ఆర్మూరు దిక్కుకు సుమారు 155 కిలోమీటర్లు పోతుంది. దాని నుంచి 82 డిస్ట్రిబ్యూటరీలు విడిపోతాయి. ఒక్కో చోట అడుగు వాలు తప్పితే నీళ్లు ఆగిపోతాయి. గట్టు కట్టిన మనిషి, తూము పెట్టిన మనిషి, ఆ తర్వాత తూము తెరిచే లస్కరు, ఊళ్లో నీళ్లు పంచే నీరటి, అందరూ తమ పని సరిగా చేస్తేనే నీళ్లు చివరి మడికి చేరతాయి. వీళ్లలో ఎవరి పేరూ ఏ ఫలకం మీదా ఉండదు.

నీళ్లు వచ్చాక ఈ ప్రాంతం ముఖమే మారిపోయింది. జొన్న చేన్ల చోట వరి మడులు వచ్చాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని దిగారు. బోధన్, వర్ని, కోటగిరి వైపు ఇప్పటికీ క్యాంపు అని పిలిచే పల్లెలు ఆ రోజుల గుర్తులే. చెరకు తోటలు పెరిగాయి. 1937లో బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపన జరిగింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ ఆ ఫ్యాక్టరీకి కాలువే తల్లి. ఫ్యాక్టరీలో పనిచేసిన మన మిత్రులు ఒప్పుకుంటారో లేదో కాని, మంజీర నీళ్లు లేకపోతే అక్కడ చిమ్నీ లేచేది కాదు.

మంచి మాటలు చెప్పి ఊరుకుంటే అది పొగడ్త అవుతుంది. జలాశయం కింద పదుల సంఖ్యలో ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్ల వాళ్లకు కాలువ నీళ్లు రాలేదు, మునక మాత్రం వచ్చింది. నీళ్లు పారిన భూముల మీద లాభం ఎవరి ఇంటికి ఎంత చేరిందన్నది వేరే లెక్క. అది రాజ్యం నడిపినవాళ్లను అడగవలసిన లెక్క కాని, ఆ రాజ్యంలో పెద్ద అధికారిగా ఉన్న మనిషిని కూడా పూర్తిగా పక్కన పెట్టలేం.

ఇంజనీరుగా ఆయన లెక్క తప్పిన విషయం మరొకటి ఉంది, పూడిక. మంజీర తెచ్చే మట్టి అనుకున్నదానికంటే త్వరగా చెరువును నింపింది. 1970లలో సర్వే చేస్తే నిల్వ 11.8 టీఎంసీలకు పడిపోయిందని తేలింది. అంటే నలభై ఏళ్లలోనే సగానికి మించి పోయింది. ఆ తర్వాత నీటి మట్టం పెంచి 17.8 టీఎంసీల దాకా తెచ్చారు. పైన సింగూరు కట్టిన తర్వాత వచ్చే నీళ్లు కూడా తగ్గాయి. చివరి డిస్ట్రిబ్యూటరీల రైతులు ఎండిన కాలువ చూసి ఆఫీసులకు వచ్చిన ఏళ్లు మనలో చాలామందికి గుర్తున్నాయి. అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలు 2000 తర్వాత వచ్చింది ఆ చివరి ఆయకట్టు కోసమే. ఒక మనిషి ఎంత గొప్పవాడైనా, ఆయన కట్టిన పనిని తర్వాతి వాళ్లు సరిచేస్తూ ఉండక తప్పదు.

కట్టలు కట్టిన మనిషికి వాదన కూడా తెలుసు. కృష్ణా, తుంగభద్ర నీళ్ల పంపకం మీద మద్రాసు ప్రభుత్వంతో ఏళ్ల తరబడి చర్చలు జరిగాయి. హైదరాబాదు పక్షాన కూర్చున్నది ఆయనే. అవతలి పక్షం కాగితాలు కూడా చదువుకుని రానివాడు నీళ్ల చర్చలో ఒక్క పూట కూడా నిలబడలేడు. 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్న సుభాష్ చంద్ర బోస్ జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పాటు చేసి దానికి నెహ్రూ గారిని అధ్యక్షుడిగా పెట్టారు. ఆ సంఘంలో నదులు, సాగునీటి ఉపసంఘానికి అధ్యక్షుడు అలీ నవాజ్ జంగ్. ఒక సంస్థానం ఉద్యోగి దేశం మొత్తం నదుల గురించి ఆలోచించే పనికి పెద్ద అయ్యాడన్నమాట. అప్పటికి ఆయన అరవై దాటారు. మనలాంటి పెన్షనర్లు ఈ ఒక్క విషయం మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పుకోవచ్చు.

1949 డిసెంబరు 6న ఆయన మరణించారు. అప్పటికి నిజాం రాజ్యం పోయి ఏడాది దాటింది. తర్వాత చాలా ఏళ్లు ఆయన పేరు శాఖ పాత ఫైళ్లలోనూ, ముసలి ఇంజనీర్ల నోళ్లలోనూ మాత్రమే ఉండేది. పాఠ్యపుస్తకాల్లో విశ్వేశ్వరయ్య గారు ఉన్నారు, ఈయన లేరు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక 2014లో ఆయన పుట్టినరోజు జూలై 11ను ఇంజనీర్ల దినంగా ప్రకటించారు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతిలోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. కాలువ ఉంది. నిజామాబాదుకు దగ్గరలో అలీసాగర్ ఉంది. అక్కడి తోటలోకి ఆదివారం మన మనవలు, మనవరాళ్లు పులిహోర డబ్బాలతో వెళ్తుంటారు. ఈసారి మీరు వెంట వెళ్తే, ఆ అలీ ఎవరని వాళ్లు అడిగితే, 1899లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన ఒక ఉద్యోగి అని చెప్పండి.