పీడన ధర్మవేత్త లె షాటెలియే

రసాయన శాస్త్రము నభ్యసించిన వారికెల్ల లె షాటెలియే సూత్రము పరిచితమే. కాని ఆ సూత్రకర్త దాని మహాఫలమును చేతికందిన తరుణమున జారవిడిచెనన్న సంగతి పలువురెరుగరు.

హెన్రీ లూయీ లె షాటెలియే 1850 అక్టోబరు 8వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి గనుల శాఖలో ఉన్నతోద్యోగి. ఫ్రాన్సున రైలుమార్గముల నిర్మాణమునందును, అల్యూమినియము పరిశ్రమయందును పాటుపడినవాడు. కుమారుడును గనుల ఇంజనీరై, 1877లో పారిస్ గనుల విద్యాలయమున అధ్యాపకుడయ్యెను. సిమెంటు గట్టిపడు విధము, గనులలో వాయువులు ప్రేలు విధము, కొలిమి వేడిమిని కొలుచు సాధనము, ఇవి ఆయన పరిశోధనా విషయములు. శాస్త్రము పరిశ్రమకు తోడ్పడవలెనన్నది ఆయన ఆశయము.

1884లో ఆయన తన సూత్రమును ప్రకటించెను. సమతాస్థితిలోనున్న రసాయనిక చర్యపై బయటినుండి మార్పు కలిగించినచో, చర్య ఆ మార్పును తగ్గించు దిక్కునకే మొగ్గును. పీడనము హెచ్చించినచో వాయువులు తక్కువ చోటు నాక్రమించు వైపునకును, వేడిమి హెచ్చించినచో దానిని గ్రహించు వైపునకును నడచును.

దీని ప్రయోజనము బ్లాస్టు కొలిమియందు తెలియవచ్చెను. ఇనుమును తీయునపుడు వెలువడు పొగలో కార్బన్ మోనాక్సైడు మిగిలిపోవుచుండెను. ఖనిజముతో దానికి తగినంత సేపు స్పర్శ లేకపోవుటయే కారణమని తలచి ఇంగ్లండున కొలుములను 30 మీటర్ల ఎత్తునకు పెంచిరి. ధనము వ్యయమయ్యెను గాని వాయువు తగ్గలేదు. చర్య సమతాస్థితికి చేరి నిలిచిపోవుచున్నదని లె షాటెలియే వివరించెను. అచ్చట పీడనము పెంచినను ఫలముండదు. ఏలయన చర్యకు ముందును పిదపను వాయువుల ఘనపరిమాణ మొక్కటియే.

అమ్మోనియా సంగతి వేరు. ఒక పాలు నత్రజని, మూడు పాళ్లు ఉదజని కలసి రెండు పాళ్ల అమ్మోనియా యగును, వేడిమియు వెలువడును. నాలుగు పాళ్లు రెండగుటచే అధిక పీడనము దీనికి మిక్కిలి అనుకూలము. వేడిమి హెచ్చినచో ఫలము తగ్గును; తగ్గినచో చర్య మందగించును. కావున ఇనుమును ఉత్ప్రేరకముగా నుంచి, 1901లో ఆయన 200 వాతావరణముల పీడనమున, 600 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో ప్రయోగమునకు పూనుకొనెను. పరికరములో గాలి చేరియుండుటచే అది ప్రేలిపోయెను. సహాయకుని ప్రాణములు తృటిలో దక్కెను. ఆయన ఆ ప్రయత్నమును విరమించెను.

1909లో జర్మనీయందు ఫ్రిట్జ్ హేబరు అధిక పీడనముననే అమ్మోనియాను సాధించి చూపెను. కార్ల్ బాష్ కృషిచే 1913లో ఓపౌ కర్మాగారమున దాని ఉత్పత్తి ఆరంభమయ్యెను. హేబరుకు 1918 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. లె షాటెలియే తన లోపమును దాచలేదు. తన శాస్త్రజీవితమున అంతటి పొరపాటు వేరొకటి లేదని వార్ధక్యమున వ్రాసికొనెను. 1936 సెప్టెంబరు 17వ తేదీన దివంగతుడయ్యెను.

1951లో నాటి బీహారు, నేటి ఝార్ఖండు రాష్ట్రమునందలి సింద్రీ ఎరువుల కర్మాగారమున ఉత్పత్తి ప్రారంభమైనపుడు, అచ్చటి అమ్మోనియాయు అధిక పీడనమున తయారైనదే. నేడు గోదావరీతీరమున వరిచేలకు చల్లు యూరియాకును అట్టి అమ్మోనియాయే మూలము. కీర్తి ఎవరిదైనను, ఆ పీడన ధర్మమును ముందుగా గ్రహించి దారి చూపినవారిలో లె షాటెలియే అగ్రగణ్యుడు.