శివుడు మెచ్చిన అంబలి
(మాదార చెన్నయ్య చరిత్రము)



మహాపురుషుల చరిత్రలు చదువునపుడు వారు ఏ రాజ్యములేలిరి, ఏ గ్రంథములు రచించిరి అని విచారింతుము గాని, ఏమి భుజించిరి అని అడుగుట అరుదు. మన శివభక్తులలో ఒక్కరి విషయమున మాత్రము ఆయన ఇంటి ఆహారమే ఆయన చరిత్రయైనది. ఆయన మాదార చెన్నయ్య. ఆ పేరు తలచినంతనే అంబలి జ్ఞప్తికి వచ్చును.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి అంబలి యననేమో చెప్పనక్కరలేదు. రాగిపిండిని రాత్రి నీటిలో కలిపి పులియనిచ్చి, తెల్లవారిన పిదప ఉడుకుచున్న నూకలలో పోసి కలియబెట్టి, చల్లారినంతట మజ్జిగయు ఉప్పును చేర్చి, ఎర్రగడ్డ నంజుకొని త్రాగి పొలమునకు పోవుట మన తాతతండ్రుల నాటి వాడుక. వాన తక్కువైన ఎర్రనేలలలో సైతము రాగులు పండును. మూడడుగుల ఎత్తైనను లేని పుంగనూరు ఆవు చిక్కని పాలిచ్చును. ఈ రెండును కూడిన అంబలి పేదవాని కడుపును చల్లగా నుంచినది.

చెన్నయ్య చోళదేశమువాడు. లోకము ఊరి వెలుపల నుంచిన మాదర కులమున జన్మించెను. బసవేశ్వరునికి పూర్వుడు గనుక, 11వ శతాబ్ది వాడని పండితులు తలంతురు. పురాణకథ ఆయన కాలపు రాజును కరికాలచోళుడని పేర్కొనుచున్నది. చరిత్రలోని కరికాలుడు అంతకు అనేక శతాబ్దములకు పూర్వుడు. కావున ఆ పేరునుబట్టి కాలనిర్ణయము చేయరాదు. కథలోని సారము వేరు.

రాజుగారి గుఱ్ఱములకు అడవినుండి గడ్డి కోసి తెచ్చుట చెన్నయ్య కాయకము. ఆయన హృదయమంతయు శివభక్తితో నిండియుండెను. అయినను ఆ భక్తిని ఎవ్వరికిని తెలియనీయక దాచుకొనెను. తన కులమువాడు శివపూజ చేయుచున్నాడని తెలిసినచో జనులేమందురో ఆయన ఎఱుగును. కావున గడ్డికై పోయిన చోటనే, చెట్ల చాటున శివుని అర్చించి, తాను తెచ్చుకొన్న అంబలిని స్వామికి నివేదించి, పిదప తాను త్రాగుచుండెను.

రాజును శివభక్తుడే. దినదినము షడ్రసోపేతమైన నైవేద్యమును స్వామికి సమర్పించుచుండ, స్వామి దానిని ఆరగించుచుండెను. ఒకనాడు పళ్ళెరము తాకకయే నిలిచిపోయెను. తన భక్తిలో ఏ లోపము కలిగినదో యని రాజు పరితపించి ప్రాణత్యాగమునకు సిద్ధపడెను. అప్పుడు స్వామి పలికి, నేడు చెన్నయ్యతో కూడి అంబలి ఆరగించితిననియు, దాని రుచివలన ఇక ఆకలి లేదనియు తెలియజేసెను.

రాజు ఆ చెన్నయ్య ఎవరని వెదకి, తన గుఱ్ఱములకు గడ్డి మోయువాడే యని తెలిసికొని, ఆయన పాదములపై పడెను. రాజంతటివాడు మ్రొక్కినందుకు చెన్నయ్య సంతసింపలేదు. ఇన్నాళ్ళు దాచుకొన్న భక్తిని స్వామి బయటపెట్టెనే యని మిక్కిలి వగచెను. కడకు ఆయన శివైక్యము పొందెనని సంప్రదాయము.

చెన్నయ్య పేరిట కొలది వచనములు కన్నడమున నిలిచియున్నవి. వాని అంకితమున తోలుపనివాని ఉలి, కత్తి కానవచ్చును. తన పనిముట్లను దైవనామముతో చేర్చి చెప్పుకొన్న వాడు తన వృత్తిని చూచి సిగ్గుపడలేదు. సిగ్గుపడవలసినది ఆయనను చెట్ల చాటునకు నెట్టిన సమాజమే.

ఆ సిగ్గును 12వ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుడు తీర్చెను. బిజ్జలుని కొలువులో ఉన్నత పదవియందుండియు, బ్రాహ్మణ వంశమున పుట్టియు, చెన్నయ్య తనకు తండ్రియని తన వచనములందు చాటెను. పుట్టుకతో వచ్చిన బంధుత్వమును విడిచి, భక్తితో వచ్చిన బంధుత్వమును వరించెను.

తమిళదేశపు ఈ కథ కన్నడ వచనములలో వెలిగి, 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుని తెలుగు బసవపురాణమున ద్విపదయై, 1369లో భీమకవి చేతి మీదుగా తిరిగి కన్నడమునకు చేరినది. ఈ మూడు భాషలును కలియు కుప్పము సీమలో చెన్నయ్య ఎవ్వరికిని పరాయివాడు కాడు.

ఇప్పుడు మనలను మనము ప్రశ్నించుకొందము. ఒకప్పుడు చుట్టము వచ్చినచో అంబలికుండను చాటున పెట్టి వరియన్నము వండెడివారము. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. రాగులలో సున్నపు ధాతువు మెండని వైద్యులు చెప్పుచున్నారు. నేడు పెండ్లి విందులలోను రాగిసంగటి వడ్డించుచున్నారు. అంబలికి గౌరవము వచ్చినది, మంచిదే. అంబలి త్రాగి బ్రతికినవారికి ఆ గౌరవము వచ్చినదా?

శివుడు అంబలి తెప్పించుకొని గుడిలో ఆరగింపలేదు. చెన్నయ్య యున్న చోటికి పోయి, ఆయనతో కూడి ఆరగించెను. ఆ అంబలి రుచియంతయు ఆ కూడుటలోనే యున్నది. మఠములలో దాసోహము జరుగునపుడు, గృహములలో శుభకార్యములు నడచునపుడు, గడ్డి మోసినవాడును చెప్పులు కుట్టినవాడును మన ప్రక్కన అదే పంక్తిలో కూర్చున్నారా యని ఒక్కసారి చూడవలెను. లేనిచో ఎంత ఘనమైన నైవేద్యమైనను ఆనాటి రాజుగారి పళ్ళెరము వలెనే మిగిలిపోవును.

రేపు ఉదయము అంబలి చెంబు చేత పట్టినపుడు చెన్నయ్యను తలంపుడు. ఆ చెంబును ఇంకొకరితో పంచుకొనుడు.