కారన్‌వాలిసు ప్రభువు

చిత్తూరునుండి పలమనేరునకు బోవు బాటలో మొగిలి కనుమ కలదు. కనుమ యెక్కినవారు ఉత్తరముగ పుంగనూరు, మదనపల్లెలకును, నైరృతిగ కుప్పమునకును పోవుదురు. 1791 ఫిబ్రవరి మాసమున ఈ కనుమ వెంట ఒక మహాసైన్యము ఫిరంగులతోను, ఎద్దులతోను, ఏనుగులతోను పైకెక్కెను. దానిని నడిపినవాడు గవర్నరు జనరలగు కారన్‌వాలిసు ప్రభువు. పదియేండ్లైన నిండకమునుపు అమెరికాలో శత్రువులకు లొంగిపోయిన సేనాని ఇతడే. అచట నోడినవాడు ఇచట నేల గెలిచెనో మనము విచారింపవలసియున్నది.

కారన్‌వాలిసు 1738 డిసెంబరు 31వ తేదీన లండను నగరమున జన్మించెను. యౌవనారంభముననే సైన్యమున జేరెను. 1762లో తండ్రి గతింపగా ప్రభుసభలో స్థానము లభించెను. అమెరికా వలసలపై సర్వవిషయములందును శాసనాధికారము తమకు గలదని 1766లో పార్లమెంటు ప్రకటింపబూనినప్పుడు, కాదన్న కొలదిమంది ప్రభువులలో ఇతడొకడు. అయినను యుద్ధము పొసగిన పిమ్మట రాజాజ్ఞను శిరసావహించి ఆ వలసలను అణచుటకే వెడలెను. అంతరాత్మ యొకటి చెప్పగా ఉద్యోగము వేరొకటి చేయించుట సామ్రాజ్యసేవకులకు క్రొత్త గాదు.

అమెరికాలో ఇతనికి విజయములు లేకపోలేదు. 1780 ఆగస్టులో కామ్డెనువద్ద అమెరికా సేనను చిందరవందర గావించెను. 1781 మార్చిలో గిల్ఫర్డువద్ద రణరంగము ఇతనికే దక్కెను గాని, సైన్యమున నాలుగవ పాలు నష్టమయ్యెను. పిదప యార్కుటౌను చేరి సముద్రమార్గమున సహాయము వచ్చునని వేచియుండెను. వచ్చినది ఫ్రెంచి నౌకాదళము. నేలపై వాషింగ్టను సేనయు, ఫ్రెంచివారి సేనయు చుట్టుముట్టెను. అక్టోబరు 19వ తేదీన సుమారు ఎనిమిదివేలమంది ఆయుధములు విడిచిరి. కారన్‌వాలిసు అస్వస్థతను చెప్పి తాను రాక, ఉపసేనానిచే ఖడ్గమును పంపెను. పదమూడు వలసలును తమలోని భేదములను ప్రక్కకు నెట్టి యొక్కటిగ నిలిచినందుననే ఈ ఫలము సిద్ధించినది.

ఆ కాలముననే మన సీమలో హైదరలీ కంపెనీతో పోరుచుండెను. 1780లో పొల్లిలూరువద్ద ఆతడు పొందిన జయము దూరదేశములందును ప్రసిద్ధికెక్కినది. 1782లో పెన్సిల్వేనియావారు తమ యుద్ధనౌక యొకదానికి హైదరలీ పేరే పెట్టి, దానితో ఆంగ్లేయుల నౌకను పట్టుకొనిరి. ఆ సంవత్సరము డిసెంబరులోనే హైదరలీ చిత్తూరు సమీపమున శిబిరమందు మరణించెను.

ఓడిన సేనానికి ఇంగ్లండులో గౌరవము తగ్గలేదు. 1786లో గవర్నరు జనరలుగ కలకత్తాకు వచ్చెను. కంపెనీ కొలువువారి సొంత వ్యాపారములను, లంచములను అరికట్టెను. తాను ధనమున కాశింపలేదు. ఈ గుణమును మేము మరుగుపరుపము. కాని పెద్దయుద్యోగములనుండి భారతీయులను తొలగించి, ఈ దేశపు పాలనమున ఈ దేశస్థులకే చోటు లేకుండ జేసినవాడును ఇతడే.

1789 కడపట టిప్పూసుల్తాను తిరువాన్కూరుపై దండెత్తగా, మరుసటి యేడు కారన్‌వాలిసు నిజామును, పీష్వాను తన పక్షమునకు ద్రిప్పుకొనెను. ఆంబూరు దారిని పోవువానివలె నటించి, అకస్మాత్తుగ చిత్తూరువైపు మరలి మొగిలి కనుమ యెక్కెను. మార్చి 21వ తేదీన బెంగుళూరు కోట పట్టుబడెను. అయితే మే మాసమున శ్రీరంగపట్టణము చేరునప్పటికి గింజలు లేవు, ఎద్దులు చచ్చిపోయెను. పెద్ద ఫిరంగులను తన చేతులతోనే పాడుచేసి వెనుకకు మరలెను. ఇది రెండవ యార్కుటౌను కాదగినది. కాని ఆ సమయమున మహారాష్ట్రసేన ధాన్యముతో వచ్చి ఆదుకొనెను. నవంబరులో మదనపల్లె చేరువనున్న గుఱ్ఱంకొండ దిగువకోటయు నిజాముపక్షమున కంపెనీ సిపాయిల సాయమున పట్టుబడెను. 1792లో టిప్పూ తన రాజ్యమున సగమును, మూడుకోట్ల ముప్పదిలక్షల రూపాయలను ఇచ్చుటకు ఒప్పుకొని, ఇరువురు కుమారులను జామీనుగ అప్పగింపవలసివచ్చెను.

పొరుగువారితో మైత్రి నిలుపుకొనని దోషము టిప్పూకును కలదు. కాని తోడ్పడినవారు పొందిన లాభమెంత? నిజాము తన వంతునకు వచ్చిన మైసూరు సీమలను 1800లోనే కంపెనీకి దత్తము చేసెను. మదనపల్లె ప్రాంతము అట్లు దత్తమండలములలో చేరినది. పీష్వా ప్రభుత్వము 1818లో అంతరించెను.

భూస్వాములగు మా పాఠకులు వేరొక సంగతియు గమనింపవలెను. కారన్‌వాలిసు 1793లో వంగదేశమున చేసిన శాశ్వతపు పైసలా 1802లో మద్రాసు రాజధానిలోని జమీందారీలకును ప్రాకెను. కుప్పమునకు సమీపమున, టిప్పూనుండి గైకొన్న బారామహలులో, ఇతడు నియమించిన రీడు, మన్రోలు రైతులతో నేరుగ శిస్తు నిర్ణయించు పద్ధతిని సాగించిరి. ఆ రైతువారీనే మన్రో పిదప దత్తమండలములకు గొనివచ్చెను. జమీందారీలు 1948 చట్టముతో రద్దగువరకు మన పొలముల శిస్తులన్నియు ఆ యుద్ధపు నీడలోనే నడచినవి. పరులకు దారి చూపినవాని పొలముపైనను, ఎదిరించినవాని పొలముపైనను శిస్తు పడక మానలేదు.

కారన్‌వాలిసు 1798లో అయర్లండుపై అధికారియై, అచటి తిరుగుబాటు నణచెను. 1805లో మరల గవర్నరు జనరలుగ వచ్చి, ఆ అక్టోబరు 5వ తేదీన గంగాతీరమందలి గాజీపురమున మరణించెను. అతని సమాధి అచటనే యున్నది.

అమెరికాలోను, ఇచటను కారన్‌వాలిసు ఒక్కడే. అతని శౌర్యము గాని, నేర్పు గాని మారలేదు. మారినది ఎదుటివారి నడవడి. అచట పదమూడు వలసలు ఒక్క జట్టుగ నిలువగా, ఇచట ముగ్గురు పొరుగువారు ఒకరి నొకరు పడగొట్టుటకు పరాయివానిని పిలిచిరి. స్వరాజ్యము వచ్చినంతమాత్రమున ఈ పాఠము పాతబడదు. జిల్లాలకును, కులములకును, కక్షలకును లోబడి పొరుగువాని కీడునకు బయటివాని తోడు కోరునప్పుడెల్ల మొగిలి కనుమను తలచుకొనవలెనని మా విన్నపము.