దోర్నకల్ అజరయ్య బిషప్పుగారు - వారు మనకప్పగించిన సంఘము



మన అధ్యక్ష ఖండపు నూరేండ్ల చరిత్రను తలచుకొను ఈ సంచికలో దేవాలయములనుగూర్చియు, పాఠశాలలనుగూర్చియు, ఆసుపత్రులనుగూర్చియు పలువురు సోదరీ సోదరులు వ్రాయుచున్నారు. మేము ఒక మనుష్యుని జీవితమును మీ ముందుంచ గోరుచున్నాము. ఆయన పేరు వినని క్రైస్తవ గృహము ఈ ప్రాంతమున లేదనవచ్చును. అయితే ఆయన యేమి చేసిరి, మన యొద్దనుండి యేమి కోరిరి అని అడిగినచో, దోర్నకల్‌లో పెద్ద దేవాలయము కట్టించిరని చెప్పి ఊరకుందుము. ఆ దేవాలయము కట్టకముందే, మాల మాదిగ పల్లెలలో, పూరిపాకల క్రింద, కిరోసిను దీపపు వెలుగులో కూడుకొను సంఘములను ఆయన కట్టిరి. ఆ కట్టడము నేడెట్లున్నదో చూచుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తెలుగువారు కారు. తమిళదేశమున, తిరునెల్వేలి సీమలో, వెళ్ళాలన్‌విళై అను చిన్న గ్రామమున 1874 ఆగస్టు 17వ తేదీన జన్మించిరి. తండ్రి వేదనాయగంగారు ఆ గ్రామ సంఘమునకు గురువు. వారు నాడార్ కులమునకు చెందినవారు. తాటిచెట్లెక్కి బ్రదుకు ఆ కులమువారిని ఆ దినములలో పై కులములవారు గుడి దరి చేరనిచ్చెడివారు కారు. చాలకాలము ప్రార్థించిన పిదప కలిగిన కుమారుడు గనుక తలిదండ్రులు ఆ బిడ్డకు శామ్యూల్ అని పేరు పెట్టిరి. బాల్యములోనే తండ్రి గతించిరి. మేజ్ఞానపురములో చదువుకొను కాలముననే, విద్యార్థులు కులభేదములు విడిచి కలిసి మెలగునట్లు ఒక చిన్న సంఘమును స్థాపించుటలో ఆయన పాల్గొనిరి. బాలుడుగా నాటిన ఆ విత్తనమే తరువాత దోర్నకల్‌లో చెట్టయినది.

పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి గణితశాస్త్రము చదివిరి. పట్టపరీక్ష సమయమున జబ్బుపడి పరీక్ష వ్రాయలేకపోయిరి. పట్టము లేకుండనే కళాశాల విడిచిరి. ఆయనకే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టము నిచ్చినది. పరీక్ష తప్పినదని క్రుంగిపోవు మన యౌవనస్థులు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణదేశమంతట తిరుగుచు యౌవనస్థుల మధ్య పనిచేసిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. ఆ కాలమున కళాశాల చదువు చదివిన క్రైస్తవ స్త్రీలు బహు తక్కువ. ఆమె అట్టివారిలో ఒకరు. కట్నము లేదు, ఆడంబరము లేదు. నేడు మన దేవాలయములలో జరుగు వివాహములకు లక్షలు అప్పుచేయు తండ్రులను చూచినప్పుడెల్ల మాకు ఆ పెండ్లి జ్ఞాపకము వచ్చును.

1902లో ఆయన సింహళమునందలి యాఫ్నాకు వెళ్ళిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో పరిచారకులను దూరప్రాంతములకు పంపుచుండుట చూచి ఆశ్చర్యపడిరి, సిగ్గుపడిరి కూడ. తిరునెల్వేలి సంఘము ఎంతో పాతది. వేలకొలది విశ్వాసులున్నారు. అయినను సువార్త పంపు భారము విదేశ మిషనెరీలదేయని కూర్చున్నది. తిరిగివచ్చి తోటివారిని కూడగట్టి 1903 ఫిబ్రవరి 12న ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. భారతీయుల సొమ్ముతో, భారతీయుల చేతులమీదుగా, భారతీయుల నడిపింపుతో సాగు పని అది. 1905 డిసెంబరు 25న సీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ యేర్పడినప్పుడును ఆయన ముందు వరుసలో నుండిరి.

ఆ తిరునెల్వేలి సంఘము తన పొలముగా ఎంచుకొన్నది మన ప్రాంతమే. నైజాం రాజ్యములోని దోర్నకల్ నాడు వరంగల్ జిల్లాలోనిది. 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలో చేరినది. ఇతరులను పొలములోనికి పంపుచున్న అజరయ్యగారికి ఒక ప్రశ్న నిద్రపట్టనియ్యలేదు. ఇతరులను పొమ్మనువాడు తానేల పోరాదు? చేతిలోని గౌరవప్రదమైన పదవిని విడిచి, 1909లో గురుత్వాభిషేకము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరిరి. అప్పటికి ముప్పదియైదేండ్ల వయస్సు. ఆ వయస్సులో పలకబట్టి తెలుగు అక్షరములు దిద్దుకొనిరి. గుడారములో కాపురముండి, ఎడ్లబండిమీదను కాలినడకను పల్లెలు తిరిగిరి.

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరములో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగినప్పుడు ఆయనకు మాటలాడు అవకాశము దొరికినది. మిషనెరీలు భారతదేశమునకు ధనమిచ్చిరి, ప్రాణములిచ్చిరి, అందుకు మేము కృతజ్ఞులము. అయితే మమ్ములను తమ ప్రక్కన కూర్చుండబెట్టుకొను స్నేహము మాకు కొరతగా నున్నదను భావము వచ్చునట్లు మాటలాడిరి. సభలో కొందరికి కోపము వచ్చెను. కాని ఆ దినము చెప్పినది నేటికిని ప్రపంచ సంఘము మరువలేదు.

మద్రాసు బిషప్పు వైట్‌హెడ్‌గారు అజరయ్యగారిలోని దైవపిలుపును గుర్తించిరి. భారతీయుని బిషప్పుగా చేయరాదని మిషనెరీలలో కొందరు అడ్డుచెప్పిరి. విచారకరమేమనగా, మన దేశస్థులలోనే కొందరు అడ్డుచెప్పిరి. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ దేవాలయములో ఆయన బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. అప్పటికి ముప్పదియెనిమిదేండ్లు. మొదట చిన్నదిగానున్న అధ్యక్ష ఖండము 1920 తరువాత కృష్ణా, గుంటూరు, కర్నూలు మొదలగు ప్రాంతములు కలసి విస్తరించినది. తెల్లదొరల రాజ్యములో తెల్లవారైన మిషనెరీలు ఒక నల్ల బిషప్పు క్రింద పనిచేయుట నాటికి సామాన్య విషయము కాదు.

ఇక ఆయన సంఘములను ఎట్లు కట్టిరో కొంచెము నిలిచి చూతము.

బాప్తిస్మము కోరి వచ్చినవారు ఒక్కరొక్కరు కాదు, పల్లెలకు పల్లెలు, కుటుంబములకు కుటుంబములు. వారు అక్షరము తెలియని కూలివారు. అట్టివారికి ఊరికే నీళ్ళు చల్లి లెక్క వ్రాసికొనుట ఆయనకు ఇష్టము లేదు. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు నోటికి రావలెను. కల్లు సారాయి మానవలెను. చచ్చిన పశువుల మాంసము విడువవలెను. ఆదివారము ఆరాధనకు రావలెను. చదువురానివారికి పాటలద్వారా, కోలాటము, బుర్రకథ, నాటకములద్వారా వాక్యము నేర్పించిరి. పల్లెకొక పంతులు, పగలు పిల్లలకు బడి, రాత్రి పొలమునుండి వచ్చిన పెద్దలకు ప్రార్థన. 1930ల నడుమ నాటికి అట్టి పంతుళ్ళు రెండువేలమందికి పైగా నుండిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు, ఈ నాలుగింటిని ఆయన దయ్యములవలె తరిమిరి. అందుకొరకు సహకార సంఘములు, వైద్యశాలలు, చేతిపనులు నేర్పు బడులు, ముద్రణాలయము వెలసినవి.

బాప్తిస్మము పొందినవారందరు సువార్తికులే యనునది ఆయన గట్టి నమ్మకము. సంఘములను దర్శించునప్పుడు, బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలమీద నుంచుకొనవలెనని చెప్పెడివారు. నీటి తడి తగిలిన ఆ తలమీద చేయి యుంచుకొని, సువార్త చెప్పకపోయిన యెడల తనకు శ్రమయని ప్రతివారు పలుకవలెను. సువార్త గురువుగారి ఉద్యోగమని ఎవడును తప్పించుకొనుటకు వీలులేదు. ఏటేట సాక్ష్య వారము వచ్చినప్పుడు కూలిపని చేసికొను స్త్రీపురుషులు పాటలు పాడుచు ప్రక్క ఊళ్ళకు బయలుదేరెడివారు. నిన్నటివరకు త్రాగి తగవులాడినవారు మారుట చూచి, 1930ల నాటికి పై కులములవారనేకులు సంఘములో చేరిరి.

కానుకల విషయములోను అంతే. బీదవారని వారిని విడిచిపెట్టలేదు. విదేశ ధనముమీద ఆనుకొన్న సంఘము కాలు నిలువదని ఆయనకు తెలియును. అన్నము వండునప్పుడెల్ల గృహిణి ఒక పిడికెడు బియ్యము ప్రభువుకొరకు వేరుగా తీసిపెట్టవలెను. పంట వచ్చినప్పుడు కోత పండుగ. ధాన్యము, కోళ్ళు, గుమ్మడికాయలు, ఏదున్న అది. క్రైస్తవుని ఇచ్చుటనుగూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకము దేశదేశములలో చదువబడినది. ఈ పనిలో అన్బు మరియమ్మాళ్‌గారు ఆయనతో సమానముగా పాటుపడిరి. ఆడపిల్లల చదువు, తల్లుల కూడికలు, గురువుల భార్యల శిక్షణ, ఇవి ఆమె చేతిమీదుగా సాగినవి.

ఈ పనికి దేవుడిచ్చిన ఫలము లెక్కలలో కనబడును. 1912లో 56,681గా నున్న సంఘస్థుల సంఖ్య 1941 నాటికి 2,25,080 అయినది.

అయితే ఆయన హృదయమునకు నొప్పి కలిగించిన సంగతియు చెప్పక తప్పదు. మాలలు మాదిగలు ఒకే ప్రభువును నమ్మిరి గాని ఒకే బావినీరు త్రాగుటకు వెనుదీసిరి. ఇరువురు ఒకే బల్లయొద్ద ఒకే పాత్రలో పాలుపొందవలెనని బిషప్పుగారు పట్టుబట్టిరి. కొన్నిచోట్ల గెలిచిరి. కొన్నిచోట్ల గెలువలేదు. చివరి సంవత్సరములలోను ఈ తగవులు ఆయనను వెంటాడినవి. 1932లో ప్రభుత్వము మతములవారీగా ప్రత్యేక నియోజకవర్గములు ప్రకటించినప్పుడు, అవి క్రైస్తవులకు లాభమని పలువురు సంతోషించినను ఆయన వ్యతిరేకించిరి. సంఘము ఓట్ల గుంపుగా మారినచో సువార్తకు నోరుండదని ఆయన భయము. ఆ దశాబ్దముననే హరిజనుల మతాంతరమును గాంధీగారు తీవ్రముగా విమర్శించినప్పుడు, బీదవానికిని తన ఆత్మవిషయము తానే తీర్మానించుకొను తెలివి కలదని నమ్మి అజరయ్యగారు తన పని మానలేదు.

1939 జనవరి 6న దోర్నకల్ ఎపిఫనీ దేవాలయ ప్రతిష్ఠ జరిగినది. ఏండ్ల తరబడి సాగిన కట్టడమది. అందులో మన గుడుల స్తంభములు, మసీదుల గుమ్మటములు కలిసి కనబడును. ఈ దేశపు శిల్పము ఈ దేశపు దేవునికి పరాయిది కాదని ఆ రాళ్ళు చెప్పుచున్నవి.

సంఘైక్యత ఆయన చివరి భారము. 1919లో తరంగంబాడిలో కొద్దిమంది గురువులు కూడి, వేరువేరు మిషనుల పేర్లతో చీలియున్న సంఘములు ఏకము కావలెనని ప్రకటన చేసిరి. వారికి నాయకులలో ఒకరు అజరయ్యగారు. 1927లో లొసాన్ మహాసభలోను, ఐక్యత పడమటి దేశములకు అందమైన తలంపు కావచ్చును గాని మా దేశములో అది సంఘమునకు ప్రాణముతో సమానమను భావమును తెలిపిరి. ఆ ఐక్యతను ఆయన కన్నులార చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. మోషే కొండమీదనుండి చూచిన దేశమువంటిది అది ఆయనకు.

ప్రియులారా, ఇంతవరకు వారి కథ. ఇక మన కథ.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము వరంగల్ దాపున ఒక గ్రామ సంఘమును దర్శించితిమి. ఆరాధన ముగిసిన పిదప ఒక వృద్ధురాలు కొంగున కట్టుకొని వచ్చిన బియ్యమును బల్లమీద పోసినది. ఎన్ని యేండ్లనుండి తెచ్చుచున్నావమ్మా అని అడిగితిమి. తన అవ్వ తెచ్చెడిదనియు, తల్లి తెచ్చెడిదనియు, తాను తెచ్చుచున్నాననియు, తన కోడలు మాత్రము తేదనియు చెప్పినది. మేము మారు పలుకలేకపోతిమి. అదే సంవత్సరము మరియొక సంఘములో కమిటీ ఎన్నిక జరిగినది. అభ్యర్థి ప్రార్థనాపరుడా కాడా యని ఎవరును అడుగలేదు. ఆ కులపువారెందరు, ఈ కులపువారెందరు అని వ్రేళ్ళు మడిచి లెక్కించిరి. ఆ లెక్కలో మేమును నోరుమూసుకొని కూర్చుంటిమి. ఆ తప్పు మాది. గురువులమైన మేము మొదట ఒప్పుకొననిచో మీరేల ఒప్పుకొందురు?

నూరేండ్ల క్రిందట మన తాతలకు పొలము లేదు, చదువు లేదు, ఊరిలో బావిమీద హక్కు లేదు. అయినను వారు పిడికెడు బియ్యము తీసిరి, తలమీద చేయియుంచి మాట యిచ్చిరి, ఒకే పాత్రలో త్రాగుటకు ప్రయాసపడిరి. మనకు దేవుడు ఉద్యోగములు, పక్కా యిండ్లు, పిల్లలకు పెద్ద చదువులు ఇచ్చెను. వారు లేమిలో చేసినదానిని మనము కలిమిలో మానుకొందుమా?

ఈ వత్సర జ్ఞాపకార్థము రాతిపలకలు అనేకము నిలుపబడును. వాటితోపాటు ప్రతి ఇంట వంటగదిలో ఒక బియ్యపు ముంత నిలుపుదము. రాబోవు ప్రభు భోజనపు ఆదివారమున, మనము ఇంతవరకు దూరముగా కూర్చున్న వారి ప్రక్కన మోకరింతము. బాప్తిస్మపు నీరు తగిలిన తలమీద ఒక్కసారి చేయియుంచుకొని, అజరయ్య బిషప్పుగారు మన పెద్దలయొద్ద పుచ్చుకొన్న మాట మనయందు ఇంకను బ్రతికియున్నదా యని పరీక్షించుకొందము. దేవుడు మనకందరికి అట్టి కృప ననుగ్రహించును గాక. ఆమేన్.