కాషాయం కట్టిన ఎక్స్-రే శాస్త్రజ్ఞుడు: స్వామి జ్ఞానానంద

మన నిడదవోలు జంక్షన్‌లో నరసాపురం బండి ఎక్కి, తణుకు మీదుగా పోయి భీమవరంలో దిగితే, ఆ దగ్గర్లోనే గొరగనమూడి అనే పల్లె ఉంది. 1896 డిసెంబరు 5న ఆ పల్లెలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించారు. స్వామి జ్ఞానానంద అన్న పేరుతో మన దేశపు తొలితరం న్యూక్లియర్ భౌతిక శాస్త్రజ్ఞులలో ఒకరుగా ప్రఖ్యాతి పొందినది ఆయనే. మన గోదావరి వాడని గొప్పగా చెప్పుకుంటాం గాని, ఆయన చేసిన పనేమిటని ఎవరన్నా అడిగితే మాత్రం నీళ్ళు నములుతాం.

నరసాపురం టేలర్ హైస్కూల్లో చదువుకున్నారు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్ళి, దాదాపు పదేళ్ళు యోగసాధనలో గడిపారు. చేతికందివచ్చిన కొడుకు అలా వెళ్ళిపోతే ఇల్లు ఏమవుతుందో పల్లెటూళ్ళలో పుట్టిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇటువంటి ఘట్టాలను మనం ఘనంగా వర్ణించుకుంటాం. వెనక ఉండిపోయిన వాళ్ళ ఊసు అంతగా ఎత్తం.

1920ల చివర యోగవిద్యను, వేదాంతాన్ని బోధించడానికి ఆయన జర్మనీ వెళ్ళారు. అక్కడ ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయన్ని పట్టుకుంది. ఇంకేముంది, గురువుగా వెళ్ళినవారు శిష్యుడైపోయారు! ముప్పయ్యేళ్ళు దాటిన సన్యాసి కుర్రవాళ్ళ పక్కన కూర్చుని గణితం, భౌతికశాస్త్రం నేర్చుకున్నారు. నా మటుకు నాకు హిమాలయాల తపస్సు కంటే ఇదే పెద్ద తపస్సుగా తోస్తుంది.

తరువాత ప్రాగ్ నగరం చేరి, చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆచార్య డొలేషెక్ వద్ద ఎక్స్-కిరణాల వర్ణపటాలపై పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. ప్రతి మూలకమూ తనకే సొంతమైన తరంగదైర్ఘ్యాలతో ఎక్స్-కిరణాలను వెలువరిస్తుంది. వాటిని కచ్చితంగా కొలవాలి. అయితే మెత్తని ఎక్స్-కిరణాలు కాస్తంత గాలి అడ్డొచ్చినా అందులోనే అణగిపోతాయి. అంచేత పరికరంలోంచి గాలిని తోడేయాలి. శూన్యాన్ని సాధించడమే ఒక శాస్త్రమన్నమాట. లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర, బీటా కిరణాల మీద పనిచేసినప్పుడూ ఆ విద్య కావలసివచ్చింది. ఆపైన అమెరికా వెళ్ళారు. అధిక శూన్యాల గురించి ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1947లో న్యూయార్క్‌లో అచ్చయింది.

స్వదేశం వచ్చి కొంతకాలం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటి వైస్‌ఛాన్సలర్ వి.ఎస్. కృష్ణగారు. 1956లో అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖ ఏర్పడితే దానికి స్వామీజీయే అధిపతి. ఆ ప్రయోగశాలలో జరిగిన పనులలో గామా కిరణాలు పదార్థంలో ఎంత అణగుతాయి, ఎంత చెదురుతాయి అని కొలవడం ఒకటి.

వినడానికి తేలికే. సీసపు పలక ఒకవైపు కిరణాలు పెట్టి, రెండోవైపు లెక్కపెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కాని పలకలో దారి తప్పి చెదిరిన కిరణాలు కూడా వచ్చి లెక్కలో కలిసిపోతాయి. తూము దగ్గర నీళ్ళు కొలుస్తూ ఉంటే పక్కచేను గట్టు తెగి ఆ నీళ్ళూ వచ్చి కలిసినట్టు! సీసం తన అసలు బలం కన్నా తక్కువ బలంగా తేలుతుంది. అందుకని సీసపు దిమ్మెల్లో సన్నని రంధ్రాలు చేసి, తిన్నగా వచ్చేవాటినే కౌంటర్‌లోకి రానిచ్చి, అప్పటికీ దూరినవాటికి లెక్కలో సవరణ చేస్తారు.

ఆస్పత్రి ఎక్స్-రే గదిలోనూ ఇదే పేచీ. రోగి శరీరంలో చెదిరిన కిరణాలు నలుమూలల నుంచీ ఫిల్ము మీద పడి బొమ్మను మసకబారుస్తాయి. పొట్ట వంటి మందమైన భాగంలో అయితే తిన్నగా వచ్చేవాటి కంటే చెదిరి వచ్చేవే ఎన్నో రెట్లు. మసకలో చిన్న రాయో, చిన్న మచ్చో కనబడకపోతే నష్టం ఎవరికి? 1913లో జర్మనీలో గుస్తావ్ బకీ అనే వైద్యుడు సన్నని సీసపు రేకులతో జల్లెడ వంటిది చేసి అడ్డుపెట్టాడు. ఆ రేకుల గీతలు బొమ్మ మీద పడకుండా షికాగోకు చెందిన పాటర్ ఆ జల్లెడను కదిలించే ఏర్పాటు చేశాడు. ఇందులో చిక్కూ లేకపోలేదు: జల్లెడ మంచి కిరణాలను కూడా కొంత మింగుతుంది గనుక రోగికి మోతాదు పెంచాలి. ఏ పదార్థం ఎంత అణచుతుంది, ఎంత చెదరగొడుతుంది అన్న అంకెలు సరిగ్గా తెలిస్తేగాని ఇటువంటి బేరం తెగదు. వాల్తేరులో స్వామీజీ శిష్యులు కొలిచింది ఆ జాతి అంకెలనే.

స్వామీజీ 1965లో పదవీ విరమణ చేశారు. 1969 సెప్టెంబరు 21న దేహం చాలించారు. ఆ ప్రయోగశాలలకు తరువాత ఆయన పేరే పెట్టారు.