వ్యాస్ గారికి ఆలస్యపు నివాళి

స్వర్ణోత్సవ సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని సంఘం వారు అడిగినప్పుడు, భద్రాచలం వైపు వాణ్ణి కనుక భక్త రామదాసు గురించో, అల్లూరి సీతారామరాజు గురించో రాస్తాననుకుని ఉంటారు. నేను రాస్తున్నది మన ఊరివారు కాని, మన బడి గడప ఎన్నడూ తొక్కని ఒక పోలీసు అధికారి గురించి. ఆయన పేరు కె.ఎస్. వ్యాస్. ఆయన హత్య జరిగి ముప్పై ఏళ్లు దాటింది. ఆ వార్త విన్న రోజు నాకు దుఃఖం కలగలేదు. ఆ సంగతి మీ అందరి ముందు ఒప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మాది 1986 వరదకు ముందటి ఏడాది పదో తరగతి పాసైన బ్యాచ్. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. మా వయసు వాళ్లం ఇప్పటికీ ఏ సంగతి చెప్పినా వరదకు ముందా, తర్వాతా అని లెక్క వేసుకుంటాం. అన్నలు అనే మాట మా చెవిన పడింది కూడా ఆ రోజుల్లోనే. 1980లో పుట్టిన పీపుల్స్ వార్ పార్టీ తునికాకు కట్టకు రేటు పెంచాలని, అడవిలో మామూళ్లు ఆగాలని అడిగినప్పుడు కోయగూడేల్లో చాలామంది సంతోషించారు. ఆ సంతోషానికి కారణం లేకపోలేదు. ఆ తర్వాత కష్టకాలం వచ్చింది. రాత్రి వచ్చి అన్నం పెట్టమనేవాళ్లు ఒకరు, తెల్లారి వచ్చి ఎవరికి పెట్టావని అడిగేవాళ్లు ఇంకొకరు. ఈ రెండు ప్రశ్నల మధ్య నలిగిన ఇళ్లు మన బడి చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి.

వ్యాస్ గారు 1974 బ్యాచ్ ఐపీఎస్ అధికారి. విజయవాడలో పనిచేసిన కాలంలో రౌడీ ముఠాలను అదుపు చేసిన అధికారిగా ఆయన పేరు రాష్ట్రమంతా తెలిసింది. కానీ ఆయన పేరును మన అడవితో కలిపింది 1987 డిసెంబరు తర్వాత జరిగిన కథ. ఆ నెలలో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర ఎస్.ఆర్. శంకరన్ గారితో సహా పలువురు ఐఏఎస్ అధికారులను పీపుల్స్ వార్ దళం అపహరించింది. జైల్లో ఉన్న తమవాళ్లను విడిపించుకున్నాకే వాళ్లను వదిలింది. గిరిజనుల కోసం బతికిన శంకరన్ గారిలాంటి మనిషినే పట్టుకుపోయారంటే ఇక అడవిలో ఎవరికి భద్రత అన్న ప్రశ్న అప్పుడు అందరినీ కలవరపెట్టింది. 1989లో గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక దళం ఏర్పడింది. దానికి రూపం ఇచ్చిన అధికారి వ్యాస్ గారు.

ఆయన చేసిన పనిని నేను ఇంజనీరుగా చూస్తాను. ఏదైనా కట్టడం కూలితే మేము మొదట అడిగేది ఎక్కడ కూలింది, ఎందుకు కూలింది అని. అప్పట్లో పోలీసులు ఎక్కువగా చనిపోతున్నది రోడ్డు మీద, జీపుల్లో, వ్యాన్లలో. రోడ్డు కింద మందుపాతర పెట్టి, తీగ పొదల్లోకి లాగి, బండి రాగానే మీట నొక్కితే ఒక్క క్షణంలో అందరూ పోయేవారు. బండిలో వెళ్లే పోలీసుకు అడవి తెలియదు. అడవిలో ఉన్నవాడికి మాత్రం ఆ బండి ఎప్పుడు, ఎటు పోతుందో ముందే తెలుసు. లోపం అక్కడే ఉంది. దానికి జవాబుగా తయారైన దళం రోడ్డు వదిలి నడిచింది. చిన్న చిన్న జట్లు, సొంత తిండి, సొంత నీళ్లు వీపు మీద మోసుకుంటూ రోజుల తరబడి అడవిలోనే ఉండటం, చీకట్లో కదలడం, చప్పుడు చేయకపోవడం నేర్చుకున్నాయి. వయసులో ఉన్నవాళ్లనే తీసుకుని, కఠినమైన శిక్షణ, అదనపు జీతం ఇచ్చి, కొన్నేళ్లయ్యాక మామూలు విధుల్లోకి పంపించేవారు. తర్వాతి కాలంలో వేరే రాష్ట్రాలు కూడా ఈ పద్ధతిని చూసి నేర్చుకున్నాయి.

ఇందులో ఇంకో పక్క కూడా ఉంది, దాన్ని దాచి రాస్తే నివాళి అబద్ధమవుతుంది. గ్రేహౌండ్స్ ఎదురుకాల్పుల్లో చనిపోయినవాళ్లలో చాలామంది మన తాలూకాల పిల్లలే. అవన్నీ నిజమైన ఎదురుకాల్పులేనా అని పౌరహక్కుల సంఘం వాళ్లు ఏళ్ల తరబడి అడిగారు, కోర్టులకు వెళ్లారు. ఆ ప్రశ్నలు అడగవలసినవే. కాలేజీ రోజుల్లో నేను విన్నది ఆ ప్రశ్నలు మాత్రమే. హాస్టల్ గోడల మీద రాతలు, రాత్రుళ్లు చర్చలు, పాటలు. వాటి మధ్య పోలీసు అంటే ఒక టోపీ, ఒక లాఠీ తప్ప నాకు మనిషి కనిపించేవాడు కాదు.

1993 జనవరి 27. గణతంత్ర దినోత్సవం మరునాడు. అప్పుడు నేను హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్నాను. లాల్ బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తున్న వ్యాస్ గారిని పీపుల్స్ వార్ వాళ్లు కాల్చి చంపారు. ఆ స్టేడియం పోలీసు కంట్రోల్ రూమ్‌కు కూతవేటు దూరం. అడవి నుంచి పోరును తెచ్చి నగరం నడిబొడ్డున పెట్టినట్టయింది. మా గదిలో ఆ సాయంత్రం ఎవరూ సంబరం చేసుకోలేదు, ఎవరూ ఏడవనూ లేదు. అటువైపు ఇంతమంది పోయారు, ఇటువైపు ఒకరు పోయారు అని ఎవరో లెక్క చెప్పారు. నేను తల ఊపాను. ఆ తల ఊపడమే ఇన్నేళ్లుగా నన్ను వదలని సంగతి.

ఆ లెక్క అక్కడ ఆగలేదు. అదే ఏడాది నవంబరులో మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు గారు సోమశిల దగ్గర మందుపాతరకు బలయ్యారు. 1999 సెప్టెంబరు 4న హైదరాబాదు సంజీవరెడ్డి నగర్ కూడలిలో ఉమేశ్‌చంద్ర గారిని కాల్చి చంపారు. వీళ్లు పెద్ద అధికారులు కనుక పేర్లు మనకు తెలుసు. వాళ్ల పక్కన, వాళ్లకు ముందు, వాళ్ల తర్వాత పోయిన కానిస్టేబుళ్ల పేర్లు వాళ్ల ఇళ్లలో తప్ప ఎక్కడా వినపడవు.

నా లెక్క తప్పని నేర్పింది నా ఉద్యోగమే. నేను రోడ్ల పనిలో చేరాక చర్ల, దుమ్ముగూడెం వైపు కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ ఒక కల్వర్టు గీయడమంటే వాన నీళ్ల లెక్క ఒక్కటే కాదు. పైపు ఎంత పెద్దదైతే నీళ్లు అంత సులువుగా పోతాయి, మందుపాతర పెట్టేవాడికీ అంత సులువవుతుంది. పైపు నోటికి ఇనుప జాలీ బిగించమన్నారు. బిగిస్తే మొదటి వానకే ఆకులు, కొమ్మలు అడ్డం పడి నీళ్లు రోడ్డు మీదకు ఎక్కేవి. తీసేద్దామంటే ఎవరి ప్రాణానికి నేను పూచీ అనిపించేది. ఒక తెల్లవారుజామున, పని మొదలుకాక ముందు, ఇద్దరు కుర్ర కానిస్టేబుళ్లు నేను గీసిన కల్వర్టు దగ్గరకు నడిచి వచ్చి, వంగి, టార్చి వేసి, ఆ పైపులోకి తొంగిచూశారు. అందులో ఒకడు మన బడిలో నాకంటే చాలా చిన్న బ్యాచ్ వాడు. నన్ను గుర్తుపట్టి, అన్నా, మీరేనా ఇది కట్టిందని నవ్వాడు. ఆ పైపులో ఏమీ లేదు. నా గుండె మాత్రం కుదుటపడటానికి చాలాసేపు పట్టింది.

ఆ రోజు రాత్రి నాకు వ్యాస్ గారు గుర్తొచ్చారు. అలా వంగి చూసే కుర్రాడి ప్రాణం గురించి ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి. ఆయన ఆలోచించారు. ఆ ఆలోచనలో తప్పులుంటే విమర్శించవచ్చు, ఆ దళం చేసిన పనులకు జవాబు అడగవచ్చు. కానీ ఆయన చావును అటువైపు చావులకు చెల్లుగా వేయడానికి నాకు హక్కు లేదు. ఒక మనిషి పరుగెడుతున్నాడు, ఇంటికి వెళ్లలేదు. అంతే. అంతమాత్రానికే నేను ఆ రోజు బాధపడి ఉండవలసింది.

ఆయన పోయాక కూడా ఆ దళం ప్రాణాలు ఇస్తూనే వచ్చింది. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవ మీద దాడి జరిగి 38 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది గ్రేహౌండ్స్ వాళ్లే. ఆ నీళ్లే సీలేరు, శబరి మీదుగా వచ్చి కూనవరం దగ్గర మన గోదావరిలో కలుస్తాయి. 2013 ఏప్రిల్‌లో మన సరిహద్దు అవతల పువ్వర్తి అడవుల్లో నేలకొరిగిన గ్రేహౌండ్స్ అధికారి ప్రసాద్ బాబు గారికి మరణానంతరం అశోకచక్ర ప్రకటించారు.

ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం జరుగుతుంది. 1959లో లడఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పోయిన పది మంది పోలీసుల జ్ఞాపకంగా మొదలైంది. తుపాకులు తలకిందులు చేసి, ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. కొన్నేళ్లుగా నేను ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ఎక్కడ వీలైతే అక్కడ వెనక వరసలో నిలబడి వింటున్నాను.

చివరగా సంఘానికి ఒక మనవి. ఈ సంచికలో దివంగత పూర్వ విద్యార్థుల జాబితా వేస్తున్నారని విన్నాను. అందులో ఖాకీ బట్టల్లో పోయినవాళ్ల పేరు పక్కన వాళ్ల ఉద్యోగం కూడా రాయండి. అడవిలోకి వెళ్లి తిరిగిరాని మన పిల్లల పేర్లు కూడా బ్యాచ్ సంవత్సరంతో సహా వేయండి. ఏ తల్లి కడుపుకోత ఏ తల్లి కడుపుకోతకూ చెల్లు కాదు. కొందరికి ఇది నచ్చకపోవచ్చు, సర్వసభ్య సమావేశంలో మాట్లాడుకుందాం.

మొన్న జనవరిలో పని మీద హైదరాబాదు వెళ్లినప్పుడు లాల్ బహదూర్ స్టేడియం దగ్గర ఆగాను. లోపల కుర్రవాళ్లు పరుగెడుతున్నారు. చెప్పులు విడిచి, గేటు పక్కన ఒక నిమిషం నిలబడ్డాను. నా జీవితంలో ముప్పై ఏళ్లు ఆలస్యమైన నిమిషం అది.