జీతం లేని తొమ్మిదేళ్లు

థాంక్స్‌గివింగ్ సెలవులకు ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి వచ్చిన అమ్మాయి బ్యాగులోంచి మొదట మాసిన బట్టలు తీసింది, తర్వాత థర్మోడైనమిక్స్ పుస్తకం. కెమికల్ ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. రెండు పేజీలకోసారి గిబ్స్ పేరే కనిపిస్తోంది, ఇంతకీ ఈయనెవరు నాన్నా అని అడిగింది. ఒకప్పుడు నేనూ అదే చదివాను. గిబ్స్ ఫ్రీ ఎనర్జీ, గిబ్స్ ఫేజ్ రూల్ బట్టీపట్టి పాసయ్యాను. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని మాకెవరూ చెప్పలేదు. అమెరికా వచ్చాక తెలుసుకున్నదే ఆ రాత్రి అమ్మాయికి చెప్పాను.

జోసయ్య విల్లార్డ్ గిబ్స్ 1839 ఫిబ్రవరి 11న కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో పుట్టాడు. తండ్రిదీ అదే పేరు, యేల్‌లో భాషల పండితుడు. ఆ తండ్రి గురించి ఒక్క ముక్క చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అదే ఏడాది అమిస్టాడ్ ఓడలో తిరుగుబాటు చేసిన ఆఫ్రికన్లను పట్టుకొచ్చి న్యూ హేవెన్ జైల్లో పెట్టారు. వాళ్ల మాట ఎవరికీ అర్థం కాలేదు. పెద్ద గిబ్స్ వాళ్ల దగ్గర ఒకటి నుంచి పది వరకు అంకెలు నేర్చుకుని, న్యూయార్క్ రేవుల్లో పైకి లెక్కపెడుతూ తిరిగాడు. జేమ్స్ కవీ అనే నావికుడు ఆ అంకెలను గుర్తుపట్టాడు. వాళ్లకు దుబాసీ దొరికాడు. 1841లో సుప్రీంకోర్టు వాళ్లను విడిపించింది.

కొడుకు 1863లో యేల్‌లో డాక్టరేట్ అందుకున్నాడు. ఇంజినీరింగ్‌లో ఈ దేశంలో ఇచ్చిన మొదటి డాక్టరేట్ అదే. విషయం గేర్ల పళ్ల ఆకారం. మన డెట్రాయిట్ వాళ్లకు ఇంతకంటే దగ్గరి సంగతి ఏముంటుంది! రైలుపెట్టెల బ్రేకుకు పేటెంట్ కూడా తీసుకున్నాడు. 1866 నుంచి మూడేళ్లు అక్కచెల్లెళ్లతో కలిసి పారిస్, బెర్లిన్, హైడెల్‌బర్గ్‌లలో ఉండి పాఠాలు విన్నాడు. తిరిగొచ్చాక దాదాపు న్యూ హేవెన్ దాటలేదు. పెళ్లి చేసుకోలేదు. సోదరి కుటుంబంతోనే ఉండిపోయాడు.

1871లో యేల్ ఆయన్ని గణిత భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌ను చేసింది. జీతం మాత్రం లేదు. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. తండ్రి మిగిల్చిన ఆస్తి ఉంది కాబట్టి ఇల్లు గడిచింది. సరిగ్గా ఆ తొమ్మిదేళ్లలోనే, 1875 నుంచి 1878 మధ్య, మా అమ్మాయి ఇప్పుడు తల పట్టుకుంటున్న ఆ సబ్జెక్టుకు పునాది వేశాడు. సుమారు 300 పేజీల వ్యాసం. అచ్చయింది కనెక్టికట్ అకాడమీ అనే స్థానిక సంస్థ పత్రికలో. యూరప్‌లో ఎంతమంది చూసి ఉంటారు? ఆయనే ప్రతులు పోస్టులో శాస్త్రవేత్తలకు పంపుకున్నాడు. వెంటనే విలువ గ్రహించినవాడు మాక్స్‌వెల్. గిబ్స్ అంతకుముందు రాసిన వ్యాసం చదివి, అందులోని ఉపరితలాన్ని స్వయంగా ప్లాస్టర్‌తో బొమ్మ చేసి ఆయనకు పంపాడు. 1879లో మాక్స్‌వెల్ పోయాడు. ఓస్ట్‌వాల్డ్ జర్మన్‌లోకి అనువదించేసరికి 1892 వచ్చింది.

అందులో ఏముందో చెప్పడానికి నాకు మా వంటిల్లే దిక్కయింది. కాంపోనెంట్ల సంఖ్యలోంచి ఫేజ్‌ల సంఖ్య తీసేసి రెండు కలిపితే, మన చేతిలో ఎన్ని మీటలున్నాయో తెలుస్తుంది. ఇదే ఫేజ్ రూల్. కుక్కర్లో ఉన్న పదార్థం ఒకటే, నీళ్లు. అది రెండు రూపాల్లో ఉంది, నీరు, ఆవిరి. ఒకట్లోంచి రెండు తీసి రెండు కలిపితే ఒకటి. అంటే ఒక్క మీటే. వెయిట్ పీడనాన్ని నిర్ణయించాక ఉష్ణోగ్రత 120 డిగ్రీల దగ్గర దానంతటదే కుదురుకుంటుంది. మంట పెంచితే విజిల్స్ పెరుగుతాయి, పప్పు తొందరగా ఉడకదు. ఇది వాళ్లమ్మ నమ్మలేదు, అది వేరే సంగతి. ఐసు కూడా చేరి మూడూ కలిసి ఉంటే మిగిలేది సున్నా. అది 0.01 డిగ్రీల దగ్గర, ఒకే ఒక్క పీడనంలోనే సాధ్యం. 1900లో డచ్ శాస్త్రవేత్త రోజెబూమ్ ఇదే సూత్రంతో ఇనుము, కార్బన్‌ల పటం గీశాడు. మన కార్ల ఉక్కును అర్థం చేసుకునేది దానితోనే. ఫ్రీ ఎనర్జీ లెక్క లేకుండా అమ్మోనియా ఎంత పీడనంలో ఎంత తయారవుతుందో చెప్పలేం. కాకినాడ యూరియా దాకా ఆ దారే.

1880లో కొత్తగా వెలసిన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఏడాదికి 3,000 డాలర్లు ఇస్తామంది. అప్పుడుగానీ యేల్‌కు మెలకువ రాలేదు. 2,000 ఇస్తామంటే ఆయన ఉండిపోయాడు. 1901లో రాయల్ సొసైటీ కోప్లీ మెడల్ వచ్చింది. 1903 ఏప్రిల్ 28న కన్నుమూశాడు.

అంతా విని అమ్మాయి, తనకు రిసెర్చ్ వైపు వెళ్లాలని ఉందని మెల్లగా బయటపెట్టింది. నేను మొన్నటిదాకా కంప్యూటర్స్‌కు మారమని పోరుతున్నవాణ్ని. తొమ్మిదేళ్లు జీతం లేకపోతే ఎలాగమ్మా అన్నాను. ఆయనకు వాళ్ల నాన్న ఆస్తి ఉందిగా అని నా వంక చూసి నవ్వింది. ఏమనాలో తోచక కుక్కర్ కట్టేయడానికి లేచాను. డిసెంబరులో న్యూ హేవెన్ వెళ్లి, గ్రోవ్ స్ట్రీట్ శ్మశానంలో ఆయన సమాధి చూసొద్దామంటోంది. ఇక్కణ్నుంచి పదకొండు గంటల డ్రైవ్. మంచు లేకపోతే.